నీలం తలుపు నెత్తిమీద

క్రిస్మస్ సెలవులు మొదలై మూడో రోజు. పొద్దున పదింటికల్లా ఆ ఇంటి తండ్రికి పిల్లల్ని ఆడించడానికి తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయి. సెలవులు ఇంకా వారం మిగిలి ఉన్నాయి.

అతను లేత్ పనివాడు. ఇనుప కడ్డీని యంత్రానికి బిగించి వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కమంటే చెక్కగలడు. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నది అదే. పిల్లలు లేచేసరికి షెడ్డులో ఉండేవాడు, ఇంటికొచ్చేసరికి వాళ్ళ కళ్ళు మూతలు పడుతూ ఉండేవి. ఈ ఏడాది యజమాని యంత్రాల మరమ్మతు పేరు చెప్పి పదిరోజులు షెడ్డుకి తాళం వేశాడు. బడికీ సరిగ్గా అవే పదిరోజులు. భార్యకు మాత్రం సెలవు లేదు. ఆమె పని ఆసుపత్రి లాండ్రీలో. రోగులకు సెలవులుండవు కాబట్టి దుప్పట్లకూ ఉండవు. ఆరింటికి వెళ్తే మళ్ళీ మూడింటికి రావడం. ఏటా ఈ రోజుల్లో పిల్లల్ని చూసుకునే మరదలు ఈసారి తనే పచ్చి బాలింత.

“మీరు ఇంట్లోనే ఉంటారుగా,” అంది భార్య మొదటి రోజు చెప్పులేసుకుంటూ. “పిల్లలే కదా, ఆడించండి. డబ్బులు పెట్టి మాత్రం ఎక్కడికీ తిప్పకండి. షెడ్డు తెరిచేదాకా జాగ్రత్తగా ఉండాలి.”

పిల్లలే కదా అనుకున్నాడు అతనూ.

పెద్దది ఏడేళ్ళ పిల్ల. ఎవరి మాటలో ఏ తప్పు దొర్లినా అక్కడికక్కడే నిలబెట్టి దిద్దుతుంది కాబట్టి ఆ మేడలో అందరూ దాన్ని టీచరమ్మ అంటారు. రెండోవాడికి నాలుగేళ్ళు. వాడు బుడ్డోడు. లోకంలో జరిగే ప్రతి పనీ తనే చేశానని వాడి నమ్మకం. గాలికి తలుపు పడినా “నేనే వేశా” అంటాడు.

మొదటి రోజు బొమ్మలు గీయమన్నాడు. తొమ్మిది నిమిషాల్లో గీసేసి, “తర్వాత?” అన్నారు. రెండో రోజు పార్కుకి తీసుకెళ్తే గేటుకి బోర్డు వేలాడుతోంది: పచ్చిక నాటుతున్నారట, లోపలికి రాకూడదట. పోనీ రైళ్ళు చూపిద్దామని స్టేషను దగ్గర కాలిబాట వంతెన ఎక్కించాడు. మొదటి రైలు కూత వెయ్యగానే బుడ్డోడు అతని మెడ కరుచుకున్నాడు, ఇంటికొచ్చేదాకా వదల్లేదు. మూడో రోజు దాగుడుమూతలు. రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఇంట్లో మనిషి పట్టే చోట్లు నాలుగుంటాయి. అతను ఎక్కడ దూరినా కాళ్ళు బయటే ఉండిపోయాయి.

“నాన్నా, నీకు ఆడటం రాదా?” అని అడిగింది టీచరమ్మ. అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

షెడ్డులో తనతో పనిచేసే వెల్డర్‌కి ఫోన్ చేశాడు.

“ముగ్గురు పిల్లల్తో నువ్వెలా నెట్టుకొస్తున్నావురా?”

“పైసా ఖర్చు లేని ఆటలు బోలెడున్నాయి. దుప్పట్లు కట్టి గుడారం వెయ్యి. గిన్నెలూ మూతలూ ఇచ్చి బ్యాండు వాయించమను.”

“కిందింటోళ్ళు మీదికొస్తారు.”

“అయితే చీటీలాట పెట్టు. ఒక చీటీ చేతికిస్తావు. రెండోది ఎక్కడుందో దాంట్లో రాసి ఉంటుంది, రెండోదాంట్లో మూడోది. చివర్న తినేదేదో ఒకటి దాచు. గంట గడుస్తుంది. ఆ గంటా నేను పడుకుంటా.”

గంట అన్న మాట చెవిలో తేనె పోసినట్టుంది. అతను పాత క్యాలెండరు కాగితం చింపి అయిదు చీటీలు రాశాడు. పిల్లల్ని మెట్లమీద కూర్చోబెట్టి, ఒకటి చెప్పుల అరలో, ఒకటి దిండు గలీబులో, ఒకటి వంటింటి గోడ అలమరలో, ఒకటి గడియారం వెనక పెట్టాడు. బిస్కెట్ల పొట్లం విడిచిన బట్టల బుట్టలో కూరాడు. అయిదో చీటీ టీచరమ్మ చేతికిచ్చి, “ఊఁ, కానివ్వండి,” అని మంచమెక్కాడు.

రెండు నిమిషాలు గడిచాయో లేదో బట్టల బుట్టలోంచి కరకరమని చప్పుడు. బుడ్డోడు తన పద్ధతిలో తిన్నగా బుట్టలోకే దిగిపోయాడు. నోటినిండా బిస్కెట్లతో, “నేనే దాచా, నేనే తీశా,” అన్నాడు.

అక్కడితో ఆట ముగిసిందనుకుని అతను నిట్టూర్చాడు. టీచరమ్మ ఒప్పుకోలేదు. వరస తప్పకుండా వెతకాలంది. చెప్పుల అర అయింది, దిండు అయింది, వంటింట్లోకి వెళ్ళింది. అలమర ముందు స్టూలేసుకుని ఎక్కిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మంచం పక్కకొచ్చి నిలబడింది.

“నాన్నా, దీంట్లో నీ రాత మారిపోయిందేంటి?”

దాని చేతిలో ఉన్నది క్యాలెండరు కాగితం కాదు. గీతల నోటుపుస్తకంలోంచి చింపిన ముక్క. వంటింటి జిడ్డు పట్టి పచ్చబడింది. అరలో పరిచిన కాగితం కింద అతను పెట్టిన చీటీ కోసం తడుముతూ అది చెయ్యి ఇంకా లోపలికి, అరకీ గోడకీ మధ్య సందులోకి పోనిచ్చింది. అక్కడ దొరికింది. గుండ్రటి అక్షరాలు, పెన్సిలు రాత:

‘బాగా వెతికావు. ఇప్పుడు ఎండ మొదట వచ్చే చోటికి వెల్లు. మోకాళ్ళ మీద కూచో.’

“వెళ్ళు అని రాయాలి,” అంది టీచరమ్మ. “తప్పు రాశావు.”

అతను చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తను రాయలేదు. బుడ్డోడికి రాయడం రాదు. టీచరమ్మ అలాంటి తప్పు చస్తే రాయదు. ఇక మిగిలింది ఒక్కతే. సెలవుల్లో పిల్లల కోసమని ఆవిడే ముందుగా దాచి ఉంటుంది, చెప్పడం మర్చిపోయింది. లేకపోతే, ఈయనవల్ల ఏమీ కాదని ముందే తెలిసి పెట్టి ఉంటుంది. మొదటిది అనుకుంటే హాయిగా ఉంది. రెండోది అనుకుంటే ఎక్కడో చురుక్కుమంది. ఏది అనుకోవాలో తేల్చుకోలేక, “పద, చూద్దాం,” అని లేచాడు.

ఎండ మొదట పడేది ముందుగది కిటికీ మీద. ముగ్గురూ దాని కింద మోకాళ్ళ మీద కూర్చున్నారు. కిటికీ గట్టు అడుగున చెక్కకీ గోడకీ మధ్య చిన్న పగులుంది. అందులో అగ్గిపుల్లంత సన్నగా చుట్టిన కాగితం. టీచరమ్మ వెళ్ళి అమ్మ హెయిర్‌పిన్ను తెచ్చి లాగింది.

‘మోకాళ్ళు నొప్పెట్టాయా? నీలం తలుపు నెత్తిమీద చూడు.’

పిల్లలిద్దరూ ఎగిరి గంతేసి తలుపుల మీద పడ్డారు. ఆ ఇంట్లో నాలుగు తలుపులు. నాలుగూ ఆకుపచ్చవే.

మూడింటికి భార్య వచ్చేసరికి ఇల్లంతా చిందరవందరగా ఉంది. ఆమె చెప్పులు విడవకముందే పిల్లలు చెరో చెయ్యీ పట్టుకున్నారు.

“అమ్మా, నాన్న భలే ఆట పెట్టాడు! నీలం తలుపు దొరకట్లేదు!”

ఆమె రెండు చీటీలూ చదివింది. ఆవిరికి ఎర్రబడ్డ ముఖం మెల్లగా విచ్చుకుంది. తలెత్తి భర్త వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు అతను చూసి చాలా ఏళ్ళయింది.

“ఎడంచేత్తో రాశారా?” అంది. “అచ్చం చిన్నపిల్ల రాసినట్టే ఉంది.”

ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాడతను. పిల్లల ముందు గుట్టు బయటపెట్టకూడదని కాబోలు. నాకు తెలిసిపోయిందిలే అన్నట్టు కన్ను కొట్టాడు. ఆమె నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె గిన్నెలు తోముతుంటే పక్కకి చేరి, “ఇంతకీ నీలం తలుపు ఎక్కడుంది?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“నన్నడుగుతారేంటి? ఆట మీదైతే.”

“నాకు చెప్పినా ఫర్లేదు. పిల్లలకి చెప్పన్లే.”

“ఏం మనిషండీ!” అంది ఆమె. తడిచేత్తో అతని బుగ్గ మీద ఒకటి తట్టింది. “ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడ దాచుకున్నారు?”

అతను బుగ్గ తుడుచుకుని అక్కడే కాసేపు నిలబడ్డాడు. ఏం జరిగిందో అంతుపట్టలేదు. కానీ బుగ్గ మాత్రం బాగుంది.

నాలుగో రోజు పొద్దున్నే పిల్లలు చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఇంట్లో నీలం తలుపు లేదంటే వీధిలో ఉండాలని టీచరమ్మ తేల్చింది. కాదనడానికి అతనికి కారణం కనిపించలేదు. పైగా వీధిలో తిరగడానికి టిక్కెట్టు అక్కర్లేదు.

ఆ వీధి చివరిదాకా వెళ్ళేసరికి ఆరు నీలం తలుపులు దొరికాయి. అతను ఆ దారినే నాలుగేళ్ళుగా పనికి వెళ్తున్నాడు, ఒక్కటీ చూసిన గుర్తు లేదు. ఒకటి కొత్త నీలం, ఒకటి వెలిసిపోయి బూడిదలోకి దిగింది. ఒకదాన్ని నీలం అనాలా ఊదా అనాలా అని పిల్లలిద్దరికీ పెద్ద తగువైంది. ఇంటివాళ్ళని అడిగి, బుడ్డోణ్ణి భుజాలమీద ఎక్కించుకుని, తలుపు పైన చెయ్యి పెట్టించి చూడటం. దుమ్ము తప్ప ఏమీ లేదు. బుడ్డోడి చేతులూ అతని జుట్టూ ఒకే రంగుకొచ్చాయి.

ఏడోది మంగలి షాపు తలుపు. బుడ్డోడు పైన తడుముతుండగా లోపల్నించి షాపతను కత్తెర చేతిలో పట్టుకునే బయటికొచ్చాడు.

“ఏంటండీ అది? ఏం వెతుకుతున్నారు?”

“చీటీ అండి.”

“ఏం చీటీ?”

“తెలీదండి. దొరికితే తెలుస్తుంది.”

“ఎవరు పెట్టారు?”

“మా ఆవిడ.”

షాపతను కత్తెర దించాడు. “మీ ఆవిడ నా షాపు తలుపు మీద చీటీ పెట్టిందా?”

లోపల కుర్చీల్లో ఉన్న ముగ్గురూ ఒక్కసారిగా తలలు తిప్పారు. ఒకాయన ముఖం సగమే గీసి ఉంది.

“ఛఛ, అలాంటిది కాదండీ,” అని అతను కంగారుగా మొదలుపెట్టాడు. “పిల్లల కోసం... అంటే, పెట్టింది తనే, కానీ నేను పెట్టానన్నట్టు...” చెప్పేకొద్దీ మాట ముడిపడిపోయింది. ఆఖరికి టీచరమ్మ ముందుకొచ్చి, చీటీ చూపించి, మొదట్నించీ వరసగా చెప్పింది. షాపతను మొత్తం విని, “నీలమే కదా రాసుంది. అయితే చూడాల్సిందే,” అని తనే లోపల్నించి స్టూలు తెచ్చి ఎక్కాడు. తలుపు పైనుంచి ఒక దువ్వెన తీశాడు. రెండేళ్ళుగా కనబడట్లేదట. దాన్ని చొక్కాకి తుడుచుకుంటూ, “రేపు కూడా రండమ్మా,” అన్నాడు పిల్లలతో.

ఇల్లు చేరేసరికి పదకొండు తలుపులయ్యాయి. చీటీ లేదు. అయినా పిల్లలు అలసిపోలేదు, ఏడవలేదు, తర్వాత ఏంటని అడగలేదు. అతనికి ఆశ్చర్యమేసింది. ఏమీ దొరకనిదానికి ఇంత సంతోషమేమిటో అర్థం కాలేదు.

దుమ్ము కడుక్కోమని ఇద్దర్నీ స్నానాలగదికి పంపాడు. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. టీచరమ్మ గట్టిగా పిలిచింది.

“నాన్నా! ఈ తలుపు లోపల నీలం!”

తడికి ఉబ్బిన తలుపు కదా, మడతబందు దగ్గర ఆకుపచ్చ రంగు పెచ్చులూడింది. టీచరమ్మ గోటితో ఇంకాస్త గీకింది. కింద నీలం రంగు.

అతను స్టూలేసుకుని ఎక్కాడు. తలుపు చట్రం పైఅంచుకి ఆకుపచ్చ వెయ్యనే లేదు. పైకెవరు చూస్తారులెమ్మని వదిలేసి ఉంటారు. అక్కడంతా నీలమే. గోడవార, సాలెగూడు కింద, నాలుగు మడతల కాగితం. ముట్టుకుంటే మడత దగ్గర పెళుసుగా విరగబోయింది.

స్టూలు మీదే నిలబడి చదివాడు. చదువుతుంటే అతని ముఖం మారిపోవడం పిల్లలు కింద నుంచి చూస్తున్నారు.

“పైకి చదువు నాన్నా.”

‘నాన్నా ఇంక ఒక్కటే ఉంది. నువ్వు పొడుగు కదా అందుకే పైన పెట్టా. స్టూలేసుకుని పెట్టా అమ్మకి చెప్పకు. మెట్ల కింద మిషనత్తని అడుగు. ఈ చీటీ చూపిస్తేనే ఇస్తుంది.’

టీచరమ్మ నుదురు ముడిపడింది.

“నాన్నా అని ఉంది. నువ్వే రాసి, నిన్ను నువ్వే నాన్నా అని పిలుచుకున్నావా?”

“నేను రాయలేదమ్మా.”

“నువ్వు పొడుగు కూడా కాదు కదా.”

“కాదు.”

“మరి ఎవరు రాశారు?”

“నేనే రాశా,” అన్నాడు బుడ్డోడు.

అతను స్టూలు దిగి దానిమీదే కూర్చున్నాడు. వాళ్ళు ఈ ఇంట్లోకి వచ్చి నాలుగేళ్ళు. వచ్చిన రోజుకే తలుపులు ఆకుపచ్చగా ఉన్నాయి. అంటే ఈ కాగితం అంతకు ముందుది. అంటే ఆవిడ రాయలేదు. మరి నిన్న అంత ముసిముసిగా ఎందుకు నవ్వింది? బుగ్గ ఎందుకు తట్టింది? ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళి చూసుకుంటుంటే అతని చెవులు వేడెక్కాయి.

మూడింటికి ఆమె రాగానే చీటీ చేతిలో పెట్టాడు. “ఇవేవీ నేను రాయలేదు.”

“మరి నిన్న కన్ను కొట్టారు?”

“నువ్వు రాశావని నాకు తెలిసిపోయిందని కొట్టా.”

“నేనా? మీరు రాశారని నేను...” ఆమె ఆగిపోయింది. చీటీ మళ్ళీ చదివింది. గోడకి ఆనుకుని నిలబడింది. “లాండ్రీలో అందరికీ చెప్పానండీ. మా ఆయన ఎడంచేత్తో చీటీలు రాసి పిల్లల్ని ఆడిస్తున్నాడని. ఇస్త్రీ దగ్గర ఆవిడైతే, మా ఆయనకీ నేర్పించమను అంది.”

అతనికి నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆమెకీ తెలిసినట్టు లేదు. “అయితే అది మీరు కాదన్నమాట,” అంది ఆమె, తనతో తనే అనుకుంటున్నట్టు. ఆ మాట అతనికి బాగా తగిలింది. తను చెయ్యని పనికి వచ్చిన మెప్పు పోతే ఇంత బాధెందుకో అనుకున్నాడు.

“నీలం తలుపులు వెతికింది మాత్రం నాన్నే,” అంది టీచరమ్మ, తప్పు దిద్దుతూ. “పదకొండు.”

నలుగురూ కిందికి దిగారు.

మెట్ల కింద మంచం పట్టేంత గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఒకావిడ చాలా ఏళ్ళుగా ఉంటోంది. చిరుగులు కుట్టడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం ఆవిడ పని. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరికీ ఆవిడ మిషనత్తే. నలుగురు ఒకేసారి గుమ్మం నింపేసరికి కళ్ళజోడు పైకెత్తింది.

“ఏంటి, ఇంటిల్లిపాదీ కదిలారు? ఎవరిది చిరిగింది?”

“అత్తా, మాకేదో ఇవ్వాలంట కదా,” అన్నాడు అతను.

“నేను మీకా? ఏం ఇవ్వాలి?”

చీటీ చూపించాడు. మిషనత్త దాన్ని వెలుతురులో పెట్టి చదివింది. చదువుతూనే ఒక చెయ్యి గుండెమీద వేసుకుంది.

“ఓరి నాయనా! ఇన్నాళ్ళకా?” అంది. తర్వాత ఆవిడకి కోపమొచ్చింది. “పన్నెండేళ్ళయిందయ్యా! ఇల్లు సర్దినప్పుడల్లా అటు తీసి ఇటు పెడుతున్నా. పారేద్దామంటే చేతులు రావు, ఎవరికిద్దామన్నా చీటీ లేదు!”

“ఎవరిదత్తా అది?” అని అడిగింది భార్య.

“మీ ఇంట్లోనే ఉండేదా పిల్ల. ఎనిమిదేళ్ళుంటాయి. ఒక్కచోట నిలిచేది కాదు, బొంగరం అని పిలిచేదాన్ని. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. నెలల తరబడి రోడ్డుమీదే. ఈ సెలవులకి మాత్రం తప్పకుండా వచ్చేవాడు. వచ్చి ఏం చేస్తాడు, అలిసిపోయి పడుకునేవాడు. ఆ ఏడు ఇది, ‘నాన్నని పడుకోనివ్వను అత్తా, ఆట పెట్టా’ అంది. ఒక సంచీ కుట్టించుకుని, అందులో ఏదో పెట్టి నాకిచ్చింది. చీటీ తెచ్చినోళ్ళకే ఇవ్వమంది.”

“ఆయన రాలేదా?” భార్య గొంతు తగ్గింది.

“రాకేం! రెండ్రోజులు ముందే వచ్చాడు. వేరే ఊళ్ళో గోడౌన్లో ఉద్యోగం దొరికిందట, ఇంక లారీ తోలక్కర్లేదట. అదే లారీలో ఆ పూటే సామానంతా ఎక్కించేశాడు. పిల్లకి నోరు తెరిచే సందివ్వలేదు. లారీ కదిలాక అది వెనక నుంచి నాకేసి చెయ్యూపుతూ అరుస్తోంది, ఇవ్వమందో, వద్దందో. నవ్వుతోందో ఏడుస్తోందో కూడా ఆ ఇంజన్ మోతలో నాకు తెలీలేదు బాబూ. ఇప్పటికీ తెలీదు. ఏ ఊరెళ్ళారో కూడా చెప్పలేదు.”

పెట్టె అడుగు నుంచి అరచేతంత గుడ్డసంచీ తీసి, చీటీ మళ్ళీ ఒకసారి చూసుకుని, అతని చేతిలో పెట్టబోయింది. అతను పుచ్చుకోలేదు.

“నాకెందుకత్తా? అది వాళ్ళ నాన్నకి కదా.”

“ఏ నాన్నకో నాకు చెప్పలేదు. చీటీ తెచ్చినోళ్ళకి అంది. నువ్వు తెచ్చావు. నా బరువు దిగింది, ఇంక నేను ఉంచుకోను.”

ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టారు. విప్పొచ్చా కూడదా అని పెద్దవాళ్ళిద్దరూ ఎటూ తేల్చుకోలేకపోయారు. ఇంకొకరి ఉత్తరం విప్పినట్టుంటుందని ఆమె అంది. విప్పకపోతే పన్నెండేళ్ళు దాచినదానికి అర్థమేముందని అతను అన్నాడు. మళ్ళీ అతనే, పోనీ వద్దులే అన్నాడు. అప్పుడామె, చూస్తే ఏమవుతుంది అంది. వీళ్ళు ఇలా మాటలు మార్చుకుంటుండగా బుడ్డోడు తాడు లాగేశాడు.

లోపల తినేది లేదు. ఒక పెన్సిలు ముక్క. చదరంగా కత్తిరించిన ఖాళీ చీటీలు గుప్పెడు. పైన ఒక కాగితం.

‘నాన్నా అన్నీ కనిపెట్టేశావు. ఇప్పుడు నీ వంతు. నువ్వు దాచు నేను వెతుకుతా. మెల్లిగా దాచు తొందరేం లేదు.’

“ఇంతేనా?” అన్నాడు బుడ్డోడు. వాడి పెదవి కిందికి జారింది. “బిస్కెట్లు లేవా?”

“ఈసారి ఒక్క తప్పు కూడా లేదు,” అంది టీచరమ్మ మెల్లగా.

అతను ఆ కాగితం చాలాసేపు పట్టుకున్నాడు. ఇది తనకి రాసింది కాదు. రాసిన పిల్ల ఇప్పుడు ఇరవయ్యేళ్ళది, ఎక్కడుందో తెలియదు. ఆ తండ్రి ఆ కొత్త ఊళ్ళో దానితో ఆడాడో, అక్కడా అలిసిపోయి పడుకున్నాడో తెలియదు. భార్య వైపు చూశాడు. ఆమె ఏం ఆలోచిస్తోందో ముఖంలో కనబడలేదు. చెయ్యి చాచి సంచీలోంచి సగం చీటీలు తీసుకుంది.

“పెన్సిలు ఒక్కటే ఉంది. ముందు మీరు రాయండి,” అంది.

“ఏం రాయను?”

“నన్నడుగుతారేంటి? ఈసారైనా ఆట మీది కావద్దూ?”

“మేం బయట ఉంటాం. ఇరవై దాకా లెక్కపెడతాం,” అని టీచరమ్మ తమ్ముణ్ణి లాక్కుని మెట్లమీదికి వెళ్ళి తలుపు మూసింది. లెక్క మొదలైంది. బుడ్డోడు ఏడు తర్వాత పదకొండు అన్నాడు. టీచరమ్మ ఆపి మళ్ళీ ఒకటి నుంచి అనిపించింది.

అతను పెన్సిలు నాలుకకి తాకించి ఒక చీటీ మీద నాలుగు మాటలు రాశాడు, కొట్టేశాడు, ఇంకో చీటీ మీద రాశాడు. గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. గడియారం వెనక మరీ తేలిక. దిండు అయిపోయింది. కిటికీ పగులు వాళ్ళకి తెలుసు. నాలుగేళ్ళుగా ఉంటున్న ఇల్లే, ఎప్పుడూ చూడనట్టు ఉంది. ప్రతి మూలా ఒక చీటీ పట్టేలాగే ఉంది, ఏ మూలకి వెళ్దామన్నా పిల్లలు అక్కడికే ముందు వచ్చేస్తారేమో అనిపిస్తోంది. భార్య గుమ్మానికి ఆనుకుని, కళ్ళు మూసుకున్నట్టు మూసుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది.

“అయిందా నాన్నా?” బయట నుంచి అరుపు.

“లేదు, ఇంకా కాలేదు!” అన్నాడు అతను, చీటీ పట్టుకుని అటు రెండడుగులు వేసి, మళ్ళీ ఇటు తిరుగుతూ. “చూడకండి! ఇంకా కాలేదు!”